ఎవరి పద్దులో రాయాలి? సర్వర్ల సేవ, ఆపరేటింగ్ సిస్టమ్ బాధ్యత

(కె.కోటపాడులో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఎవరి జ్ఞాపకార్థం ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ మాస్టారి గురించి ఈ ఊళ్ళో నేను కొత్తగా చెప్పగలిగింది తక్కువ. కె.కోటపాడు విశాఖ జిల్లాలో ఉన్న రోజుల్లో ఆయన లెక్కలు చెప్పారు. 2022 ఏప్రిల్‌లో మనం అనకాపల్లి జిల్లాలోకి వచ్చేసరికి ఆయన శిష్యుల పిల్లలు కూడా ఉద్యోగాల్లో కుదురుకున్నారు. చోడవరం బస్సులో ఆయన పక్క సీటు దొరికితే పిల్లలు నిలబడి ప్రయాణం చెయ్యడానికే ఇష్టపడేవారు. కూర్చుంటే దిగేలోగా ఒక లెక్క తప్పదు మరి.

ఆయనకొక పట్టింపు ఉండేది. జవాబు తప్పయితే కొన్ని మార్కులు కోసి ఊరుకునేవారు. అంకె సరిగ్గా వచ్చినా అది దేని లెక్కో, ఎవరి లెక్కో పక్కన రాయకపోతే సున్నాయే. "పన్నెండు సరేరా. ఏటి పన్నెండు? ఎవరికి పన్నెండు?" అనేవారు. ఈ పూట నేను మాట్లాడబోయేదంతా ఆ రెండో ప్రశ్న గురించే.

ఏదో కాగితం కోసం వెళ్తే "సర్వర్ రావట్లేదండి, రేపు రండి" అన్న మాట విననివాళ్ళు ఈ హాల్లో ఉంటే చెయ్యెత్తండి. (ఎవరూ ఎత్తలేదు.) ఏ ఆఫీసన్నది వదిలేద్దాం, ఎక్కడైనా అదే మాట. అయితే ఆ సమయంలో చాలాసార్లు యంత్రం ఆగిపోయి ఉండదు. ఊపిరి సలపనంత పనిలో ఉంటుంది. అంత పనిలోనూ ఏ ఒక్కరి పనీ పూర్తికాదు. ఇలా ఎందుకవుతుంది, దీనికి ఎవరు జవాబుదారీ అన్నది నా విషయం. ఇంకో నాలుగు యంత్రాలు కొంటే పోతుందని అధికారులు అంటారు. ప్రోగ్రామ్ రాసినవాళ్ళు సరిగ్గా రాయలేదని ఇంకొందరంటారు. రెండింటిలోనూ కొంత నిజముంది. కానీ ప్రోగ్రామ్‌కూ యంత్రానికీ మధ్య కూర్చుని ప్రాసెసర్‌నీ, మెమరీనీ, డిస్కునీ, నెట్‌వర్కునీ పంచిపెట్టే ఆపరేటింగ్ సిస్టమ్‌కి తాను చేస్తున్న పని ఎవరి కోసమో తెలియకపోతే, పైన ఎంత గొప్ప ప్రోగ్రామ్ ఉన్నా అది ఎవరికీ మాట ఇవ్వలేదు, ఇచ్చినా నిలబెట్టుకోలేదు. ఇది నా వాదన. అయిదు మెట్లలో చెబుతాను. మధ్యలో ఒక మెట్టు కాస్త ఎత్తుగా ఉంటుంది, ఓపిక పట్టండి.

1. క్యూ బయట ఉన్న కాలం

1994 సెప్టెంబరులో సికింద్రాబాద్ రైల్వే రిజర్వేషన్‌లో కాన్సర్ట్ అనే సాఫ్ట్‌వేర్ మొదలైంది. రైల్వేల సొంత సంస్థ క్రిస్ దాన్ని తయారుచేసింది. అంతకుముందు 1986లో ఢిల్లీలో సీఎంసీ సంస్థ రాసిన ఇంప్రెస్ వచ్చింది గాని, ఒక కేంద్రం కంప్యూటర్‌కి ఇంకో కేంద్రం సంగతి తెలిసేది కాదు. కాన్సర్ట్ వచ్చాక ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు 1999 నాటికి ఒకటయ్యాయి. సికింద్రాబాద్ కౌంటర్లో నిలబడి హౌరా నుంచి ఢిల్లీకి బెర్తు తీసుకోవడం మామూలు విషయమైపోయింది. మన తెలుగు నేల మీద పుట్టిన పెద్ద సర్వర్ వ్యవస్థల్లో దాన్ని ముందు వరసలో చెప్పుకోవాలి.

ఆ కంప్యూటర్లలో నడిచిన ఆపరేటింగ్ సిస్టమ్ పేరు వీఎంఎస్. డిజిటల్ ఈక్విప్‌మెంట్ కార్పొరేషన్ 1977లో తెచ్చింది. అందులో ప్రతి ప్రాసెస్‌కీ, అంటే నడుస్తున్న ప్రతి ప్రోగ్రామ్‌కీ, 0 నుంచి 31 వరకు ఒక ప్రాధాన్యం ఉండేది. ప్రతి వాడుకరికీ ఇంత మెమరీ, ఇన్ని ఫైళ్ళు, ఒకేసారి ఇన్ని డిస్కు పనులు అని కోటా రాసి ఉండేది. ఇప్పటి కుర్రాళ్ళు కొత్తగా కనిపెట్టామనుకునేవి చాలా అందులో ఉన్నాయి.

కానీ అసలు కాపలా కాసింది వీఎంఎస్ కాదు, కౌంటర్. ఎన్ని టెర్మినళ్ళు ఉన్నాయో రైల్వేకి తెలుసు. వంద టెర్మినళ్ళుంటే ఒక క్షణాన యంత్రం ముందుకు వచ్చే అభ్యర్థనలు వంద దాటవు. మిగతా జనమంతా టిఫిన్ డబ్బాలతో, ఫారాలతో బయట వరసలో ఉండేవారు. వాళ్ళు తోసుకున్నా, తిట్టుకున్నా యంత్రానికి పైసా ఖర్చు లేదు. 2002 ఆగస్టు 3న ఐఆర్‌సీటీసీ ఇంటర్నెట్‌లో టికెట్లు అమ్మడం మొదలుపెట్టింది. ఆ రోజు నుంచి బయటి వరస లోపలికొచ్చేసింది. ఇప్పుడు నిలబడ్డ ప్రతి మనిషికీ యంత్రం ఎంతో కొంత పని చెయ్యాల్సిందే, ఆఖరికి "లేదు" అని చెప్పడానికైనా.

2. "లేదు" ఎప్పుడు చెప్పాలి

ఇక్కడ కొంచెంసేపు ఆగుతాను.

నెట్‌వర్కు నుంచి ఒక ప్యాకెట్, అంటే సమాచారపు చిన్న మూట, వచ్చిందంటే, పాత పద్ధతిలో నెట్‌వర్కు కార్డు ప్రాసెసర్‌ని ఇంటరప్ట్ చేస్తుంది. ప్రాసెసర్ ఏం చేస్తున్నా వదిలేసి ఆ ప్యాకెట్ అందుకోవాలి. ఇంటరప్ట్‌కి అన్నిటికన్నా ఎక్కువ ప్రాధాన్యం. ప్యాకెట్లు నెమ్మదిగా వచ్చే రోజుల్లో అది మంచి ఏర్పాటు. పోటెత్తినప్పుడో? యంత్రం అందుకోవడంలోనే కాలమంతా గడుపుతుంది. అందుకున్నవాటిని విప్పి చూసి జవాబు రాసే ప్రోగ్రామ్‌కి వంతే రాదు. లోపల నిల్వ నిండిపోతుంది, అప్పటికే సగం పని చేసిన ప్యాకెట్లని పారేస్తుంది. మళ్ళీ కొత్తవి అందుకుంటుంది, వాటినీ పారేస్తుంది.

1996లో జెఫ్రీ మోగల్, కె.కె. రామకృష్ణన్ ఈ రోగానికి లెక్క కట్టి చూపించారు. వాళ్ళు పరీక్షించిన యంత్రం ఒక రకం వడపోత ప్రోగ్రామ్‌తో సెకనుకు సుమారు 2000 ప్యాకెట్లు దాటించగలిగింది. రాక పెంచుతూ పోతే దాటించేది 2000 దగ్గర నిలబడాలి కదా? నిలబడలేదు. తగ్గుతూ వచ్చి, రాక 6000 దగ్గరికి చేరేసరికి సున్నా అయింది. ఎక్కువ అడిగినందుకు తక్కువ ఇవ్వడం కూడా కాదిది, ఏమీ ఇవ్వకపోవడం.

గోవాడ పంచదార ఫ్యాక్టరీకి చెరకు తోలినవాళ్ళు ఈ సభలో తప్పకుండా ఉంటారు. మీకిది నేను విప్పి చెప్పక్కర్లేదు. ఫ్యాక్టరీ కటింగ్ ఆర్డర్ ఎందుకిస్తుంది? రోజుకి ఎంత ఆడగలదో దానికి తెలుసు. ఆర్డర్ లేకుండా అందరూ ఒకేసారి నరికి బళ్ళూ ట్రాక్టర్లూ యార్డుకి తోలేస్తే గానుగ వేగం పెరగదు. నరికిన గెడ ఎండుతుంది, తూకం పడిపోతుంది, పంచదార శాతం పడిపోతుంది. చేలో నిలబడ్డ చెరకుని ఆపడంలో నష్టం తక్కువ. నరికి, కట్టలు కట్టి, కిరాయి ఇచ్చి, కాటా ముందు రెండు రోజులు నిలబెట్టాక ఆపితే అందరి కష్టమూ బూడిదే. మోగల్, రామకృష్ణన్ చెప్పిన మందు కూడా ఇదే: పారెయ్యక తప్పనప్పుడు మొదట్లోనే, ఏ పనీ ఖర్చుపెట్టకముందే పారెయ్యి. ఒత్తిడి పెరిగినప్పుడు ఇంటరప్టులు ఆపేసి, తీరిక ఉన్నప్పుడు నువ్వే వెళ్ళి కార్డు దగ్గర ఏమున్నాయో అడిగి తెచ్చుకో. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లోకి ఈ పద్ధతి 2002 నాటికి న్యాపీ అనే పేరుతో వచ్చింది.

ఆపరేటింగ్ సిస్టమ్ చెయ్యాల్సిన పని ఇది. పైనున్న ప్రోగ్రామ్ ఎంత తెలివైనదైనా ఇక్కడ దాని చేతిలో ఏమీ లేదు, ఎందుకంటే దానికి వంతు వస్తేనే కదా అది తెలివి చూపించేది.

3. ఎత్తయిన మెట్టు

ముందే పారెయ్యాలన్నాం. ఎవరివి పారెయ్యాలి?

అదే 1996లో రైస్ యూనివర్సిటీలో పీటర్ డ్రుషెల్, గౌరవ్ బంగా ఈ ప్రశ్న పట్టుకున్నారు. ఇంటరప్ట్ సమయంలో చేసిన పని, ఆ క్షణాన పాపం ప్రాసెసర్ మీద ఏ ప్రోగ్రామ్ నడుస్తోందో దాని పద్దులో పడిపోతోందని గమనించారు. దానికీ వచ్చిన ప్యాకెట్‌కీ సంబంధమే లేకపోవచ్చు. ఒకరి పెళ్ళికి ఇంకొకరి పద్దులో ఖర్చు రాస్తున్నారన్నమాట. వాళ్ళు చేసిన మార్పు: వచ్చిన ప్యాకెట్ ఎవరిదో మొదటే చూసి వాళ్ళ వరసలో పెట్టు, దాన్ని విప్పే పని ఆ గ్రహీత వంతు వచ్చినప్పుడు, గ్రహీత ఖర్చు మీదే చెయ్యి. ఎవరి వరస నిండితే వాళ్ళవే పోతాయి, పక్కవాడికి నష్టం లేదు.

తరవాత 1999 ఫిబ్రవరిలో బంగా, డ్రుషెల్, మోగల్ ముగ్గురూ కలిసి ఒక పత్రం సమర్పించారు. ఈ ఉపన్యాసానికి గుండెకాయ అదే. వాళ్ళన్నది ఇది. ఆపరేటింగ్ సిస్టమ్‌లో ప్రాసెస్ అనే ఒకే వస్తువు చేత మనం రెండు వేరువేరు పనులు చేయిస్తున్నాం. ఒకటి రక్షణ: ఈ ప్రోగ్రామ్ ఆ ప్రోగ్రామ్ మెమరీలో వేలు పెట్టకుండా గోడ కట్టడం. రెండోది పద్దు: ఎవరు ఎంత వాడారు, ఎవరికి ఎంత రావాలి అన్న లెక్క. పాతకాలంలో ఒక మనిషి, ఒక టెర్మినల్, ఒక ప్రాసెస్ కాబట్టి రెండూ ఒకటే అయినా ఇబ్బంది రాలేదు. వెబ్ సర్వర్‌లో ఒకే ప్రాసెస్ వేలమందికి పనిచేస్తుంది. వేలమంది ఖర్చూ ఒకే పద్దులో పడుతుంది. అందులో అత్యవసరమైన ఒకడికీ ఊరికే పేజీని మళ్ళీ మళ్ళీ నొక్కే ఒకడికీ తేడా కెర్నెల్‌కి, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ నడిబొడ్డున ఉండే భాగానికి, ఎలా తెలుస్తుంది?

కాబట్టి పద్దుని గోడ నుంచి విడదీయమన్నారు. రిసోర్స్ కంటెయినర్ అని దానికి పేరు పెట్టారు. ఒక అభ్యర్థన వస్తే దానికో పద్దు తెరువు. ప్రాసెస్ లోపల పనిచేసే థ్రెడ్లలో ఆ పని ఏ థ్రెడ్ చేస్తే ఆ థ్రెడ్‌ని ఆ కాసేపూ ఆ పద్దుకి తగిలించు. తరవాతి అభ్యర్థన అందుకున్నప్పుడు ఆ పద్దుకి మార్చు. కెర్నెల్ లోపల ప్యాకెట్ విప్పడానికి పట్టిన కాలం కూడా ఆ పద్దులోనే పడాలి. అప్పుడే "ఈ తరగతివాళ్ళకి ప్రాసెసర్‌లో 30 శాతం మించకూడదు" అనో, "వీళ్ళకి ఎంత తొక్కిసలాటలోనైనా జవాబు ఆలస్యం కాకూడదు" అనో ఒక మాట ఇవ్వగలం. దొంగ కనెక్షన్లతో ముంచెత్తేవాళ్ళని కూడా వేరే పద్దులో వేసి, దానికి వాటా లేదని రాసెయ్యవచ్చు.

వాటా ఎలా పంచాలన్న గణితం అప్పటికే సిద్ధంగా ఉంది. 1994లో కార్ల్ వాల్డ్‌స్పర్గర్, విలియం వైల్ లాటరీ టికెట్ల పద్ధతి చెప్పారు. 1996లో టెక్సస్‌లో పవన్ గోయల్, హారిక్ విన్ బృందం వాటాలో ఉపవాటాలు పంచే పద్ధతి చెప్పింది. దాని వివరాల్లోకి వెళ్ళను, భోజనాల వేళకి ముగిస్తానని మాటిచ్చాను.

4. లినక్స్‌కి చేరింది సగమే

2006లో గూగుల్‌లో పాల్ మెనేజ్, రోహిత్ సేఠ్ లినక్స్ కోసం ప్రాసెస్ కంటెయినర్లు అనే పని మొదలుపెట్టారు. తరవాత దాన్ని కంట్రోల్ గ్రూప్స్ అని పిలిచారు. సీజీగ్రూప్ అన్నది వాడుక పేరు. 2008 జనవరిలో వచ్చిన 2.6.24 లినక్స్‌లో అది చేరింది. ప్రాసెసర్ కాలాన్ని గుంపులవారీగా న్యాయంగా పంచే భాగంలో శ్రీవత్స వడ్డగిరి, మెమరీ పద్దు రాసే భాగంలో బల్బీర్ సింగ్ ముఖ్యులు. ఇద్దరూ అప్పుడు బెంగళూరు ఐబీఎంలో పనిచేసేవారు. మీ ఫోన్‌లో ఆండ్రాయిడ్ ఉంటే, తెర మీద ఉన్న యాప్‌కీ వెనక దాక్కున్న యాప్‌కీ వాటా తేడాగా ఇచ్చేది కూడా ఈ యంత్రాంగమే. డాకర్, కుబర్నెటీస్ అని మీ పిల్లలు ఉద్యోగాల్లో చెప్పుకునేవి దీని మీదే నిలబడ్డాయి.

ఇందులో రెండు మాటలు వేరు చేసి చూడాలి. వాటా వేరు, గరిష్ఠ పరిమితి వేరు. వాటా అంటే పోటీ ఉన్నప్పుడు దక్కే భాగం. పోటీ లేకపోతే అంతా వాడుకోవచ్చు. గరిష్ఠ పరిమితి అంటే యంత్రం ఖాళీగా ఉన్నా అది దాటి ఇవ్వరు. 2012లో లినక్స్‌లో చేరిన ఈ రెండోదాన్ని తెలియక వాడి చాలామంది నష్టపోతున్నారు. లెక్క చూడండి. మామూలుగా 100 మిల్లీసెకన్లకి ఒకసారి కోటా కొత్తగా పడుతుంది. ఒక ప్రోగ్రామ్‌కి ఒక ప్రాసెసర్ అంత కోటా ఇచ్చాం, అంటే 100 మిల్లీసెకన్ల కాలం. అందులో పది థ్రెడ్లు పది ప్రాసెసర్ల మీద ఒకేసారి లేచాయి. పది మిల్లీసెకన్లలో కోటా అయిపోయింది. మిగతా తొంభై మిల్లీసెకన్లూ ప్రాసెసర్లు ఖాళీగా ఉన్నా ఆ ప్రోగ్రామ్ చేతులు ముడుచుకుని కూర్చోవాలి. సగటు చూస్తే పట్టికలో అంతా బాగానే కనబడుతుంది. అడిగినవాడికి మాత్రం నత్తనడక.

సగటు ఎంత మోసం చేస్తుందో ఇంకో లెక్క. మీ దరఖాస్తు ఒకటి పూర్తవడానికి పది వేరువేరు సర్వర్లని అడగాలనుకోండి. ఒక్కో సర్వర్ నూటికి ఒక్కసారే ఆలస్యం చేస్తుంది. పదింటిలో ఒక్కటైనా ఆలస్యం చేసే అవకాశం సుమారు 10 శాతం. వంద సర్వర్లని అడిగితే 63 శాతం. గూగుల్‌కి చెందిన జెఫ్ డీన్, లూయిజ్ బరోసో 2013లో ఈ అంకెతోనే హెచ్చరించారు. 0.99ని వందసార్లు గుణించి చూసుకోండి. మాస్టారుంటే వెనక వరసలో కూర్చున్న పిల్లల్ని బోర్డు దగ్గరికి పిలిచేవారు.

మెమరీ ఇంకా చిక్కు. ప్రాసెసర్ కాలం ఈ క్షణం ఒకరికిచ్చి మరుక్షణం లాగేసుకోవచ్చు. మెమరీ అలా కాదు, కూర్చున్నవాణ్ణి లేపాలి. అదీగాక ఒకే ఫైలుని నాలుగు గుంపులు చదువుతుంటే దానికి పట్టిన మెమరీ ఎవరి పద్దులో పడాలి? లినక్స్ జవాబు: ముందు ముట్టుకున్నవాడి పద్దులో. తరవాత వచ్చినవాళ్ళకి అది ఉచితం. న్యాయం కాదని నాకూ తెలుసు, అది రాసినవాళ్ళకీ తెలుసు. నిక్కచ్చిగా పంచి రాయబోతే ఆ రాతఖర్చే అసలు పనిని మించిపోతుంది.

నా అసలు ఫిర్యాదు దీని మీద కాదు. 1999లో వాళ్ళు అడిగింది అభ్యర్థనకో పద్దు. లినక్స్ ఇచ్చింది ప్రాసెస్‌ల గుంపుకో పద్దు. 2016లో స్థిరపడిన సీజీగ్రూప్ రెండో కూర్పులో మామూలుగా ఒక ప్రాసెస్ థ్రెడ్లన్నీ ఒకే గుంపులో ఉండాలి. నా సర్వర్ ప్రాసెస్‌ని పక్క సర్వర్ ప్రాసెస్ నుంచి కాపాడగలను. నా సర్వర్ లోపలే ఉన్న పదివేలమందిని ఒకరి నుంచి ఒకరిని కెర్నెల్ కాపాడదు. అభ్యర్థన డేటాబేస్ దగ్గరికి వెళ్ళిందంటే మరీను. అక్కడి ప్రాసెస్ ఎవరి తరఫున వెతుకుతోందో కెర్నెల్‌కి అసలే తెలియదు. అందుకని ప్రతి సంస్థా తన ప్రోగ్రామ్ లోపల సొంతంగా వరసలూ వాటాలూ రాసుకుంటోంది, కింద కెర్నెల్ వాటిని పట్టించుకోకుండా తన వంతులు తాను వేసుకుంటోంది. ఇద్దరు పద్దులు రాస్తున్నారు, రెండూ కలవవు. థ్రెడ్లని అటూ ఇటూ మార్చడం ఖరీదైన పని కాబట్టి వదిలేశామని కెర్నెల్ వాళ్ళంటారు. ఆ వాదనలో బలముంది. అయినా ఆ ఖరీదు తగ్గించే ప్రయత్నం జరగాల్సినంత జరగలేదన్నది నా అభిప్రాయం.

5. వాటా నిర్ణయించేది ఎవరు

ఎవరికెంత వాటా అన్నది యంత్రం తేల్చే సంగతి కాదు, కాబట్టి క్లుప్తంగా.

2021 ఏప్రిల్ 28 సాయంత్రం 4 గంటలకి 18 ఏళ్ళు నిండినవాళ్ళ కోవిడ్ టీకా నమోదు కోవిన్ వెబ్‌సైట్‌లో తెరిచారు. తెరిచిన కొద్దిసేపు చాలామందికి లోపలికి దారే దొరకలేదు. సర్దుకున్నాక ఆ ఒక్కరోజే 1.3 కోట్లకు పైగా నమోదయ్యారు. అందరికీ ఒకే గంట పెట్టడం ఆపరేటింగ్ సిస్టమ్ చేసిన నిర్ణయం కాదు. తిరుమల దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో విడుదల చేసిన రోజున, వచ్చినవాళ్ళని తిన్నగా టికెట్ల పేజీకి కాకుండా వేచి ఉండే పేజీకి పంపడం ఇంకో రకం నిర్ణయం. అది వరసని మళ్ళీ బయటికి నెట్టడం, సికింద్రాబాద్ కౌంటర్ చేసిన పనే. నేను దాన్ని మెచ్చుకుంటాను. 2025 జులై 1 నుంచి తత్కాల్ టికెట్లు తెరిచిన మొదటి అరగంట ఏజెంట్లకి అనుమతి లేదని రైల్వే రాసింది. మామూలు మనిషికి ముందు వాటా అని అర్థం. అది కాగితం మీద స్పష్టంగా ఉంది. ఇలాంటి మాటని కెర్నెల్ పద్దుదాకా తీసుకెళ్ళే దారి ఉండాలన్నదే నేనింతసేపూ చెబుతున్నది.

మన రాష్ట్రంలో ఇలాంటి ఏర్పాట్లు కొత్తవి కావు. 1998లో కార్డ్ పథకంతో రిజిస్ట్రేషన్ ఆఫీసులు కంప్యూటర్లెక్కాయి, 2011లో మీసేవ వచ్చింది, 2019లో గ్రామ సచివాలయాలు వచ్చాయి. ఇకముందు కూడా టెండర్లు పిలుస్తారు. ఆ టెండర్లలో ఇన్ని ప్రాసెసర్లు, ఇంత మెమరీ అని మాత్రమే రాస్తే సరిపోదు. మూడు ప్రశ్నలు అడగాలి. అనుకున్నదానికి మూడింతల రద్దీ పెట్టి పరీక్షిస్తే, పూర్తయ్యే పనుల సంఖ్య నిలబడుతుందా, పడిపోతుందా? మిగిలినవాళ్ళకి "లేదు" అని ఏ మెట్టు దగ్గర చెబుతున్నారు? ఫలానా తరగతి అభ్యర్థనల మీద ఎంత ఖర్చయిందో పద్దు చూపించగలరా? మూడోదానికి జవాబివ్వగలిగినవాళ్ళు తక్కువ.

వెనక వరసలో ఉన్న పిల్లలకి ఒక పని. 2018 చివర్లో వచ్చిన 4.20 తరవాతి లినక్స్ ఏదైనా, ఆ సదుపాయం తీసెయ్యకుండా ఉంటే, ప్రాక్ అనే డైరెక్టరీ కింద ప్రెషర్ అని ఒకటుంటుంది. అందులో సీపీయూ, మెమరీ, ఐఓ అనే ఫైళ్ళుంటాయి. గడిచిన 10 సెకన్లలో, 60 సెకన్లలో, 300 సెకన్లలో వనరు దొరక్క పనులు ఎంత శాతం కాలం ఆగిపోయాయో వాటిలో ఉంటుంది. మీ కంప్యూటర్ గదిలో ఒకడు పెద్ద ఫైళ్ళు నొక్కి కుదించే ప్రోగ్రామ్ నాలుగు కాపీలు నడపండి, ఇంకొకడు ఆ అంకెలు కాగితం మీద దింపండి. తరవాత ఆ నాలుగింటినీ ఒక సీజీగ్రూప్‌లో పెట్టి, సీపీయూ వెయిట్ అన్న ఫైల్లో మామూలుగా ఉండే 100 తీసేసి 10 రాసి, మీ ముందున్న తెర మీద టైపు చేస్తే అక్షరాలు ఎంత త్వరగా పడుతున్నాయో చూడండి. దింపిన ప్రతి అంకె పక్కనా అది ఏ గుంపుదో రాయండి.